నాలుగో నిబంధన

"పరవను. ఒక్క చాప కూడా పరవను," అంది రూతు.

పరవకపోవడమే కాదు, చుట్టిన చాపలన్నీ గోడవారగా పేర్చి వాటి మీద ఎక్కి కూర్చుంది. దుబాయ్ సత్వాలో ఆ మేడమీద గదిలో శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నరకి జరగాల్సిన పని అది కాదు. తొమ్మిదింటికి ఆరాధన. నలభైమంది వస్తారు. కిటికీలు మూసి, ఏసీ వేసి, పాట వీధిలోకి పోకుండా తలుపు కింద దుప్పటి కుక్కి ఈపాటికి అంతా సిద్ధం కావాలి.

జకరయ్య అద్దం ముందు నిలబడి టై కట్టుకుంటున్నాడు. ముడి మూడోసారి తప్పింది.

"రూతూ, వారమంతా ఇది మన ఇల్లు. ఇవాళ మాత్రం దేవుని సన్నిధి."

"అయితే దేవుణ్ణే వచ్చి పరుచుకోమనండి. ఆయనేమీ అనుకోడు. ఆయనకి సెక్రటరీ పదవి లేదుగా."

తెలుగు క్రైస్తవ సహవాసానికి జకరయ్య సెక్రటరీ అయి మూడేళ్ళయింది. వారమంతా ఒక కంపెనీ ఆఫీసులో గుమాస్తా. ముదీర్‌లకి, అంటే కంపెనీ మేనేజర్లకి, అర్జీలు రాయడంలో సత్వాలో అతన్ని మించినవాడు లేడని పేరు. సెలవు కావాలన్నా, పాస్‌పోర్టు తిరిగి ఇప్పించుకోవాలన్నా అందరూ అతని దగ్గరికే వస్తారు. పదవి వచ్చాక అదే చేత్తో ప్రార్థనలు కూడా రాయడం మొదలుపెట్టాడు. రాసి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని, సభలో కళ్ళు సగం మూసి చదివేస్తాడు. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. అర్జీలు కూడా అలాగే ఉంటాయి మరి.

"మీ అక్క నోరు మీరు మూయించిన గదిలో నేను చాప పరవను," అంది రూతు మళ్ళీ.

"నోరు మూయించానా? ఒక క్రమం పెట్టాను. కమిటీ అంతా ఒప్పుకుంది."

"ఆ కమిటీలో మీ అక్క చేతి ముద్ద తిని పెరిగినవాళ్ళు ఎంతమంది?"

జకరయ్య లెక్క వేసుకున్నాడు. ఒక్కడే. ఆ ఒక్కడు తనే.

దీవెనమ్మ అతనికి పన్నెండేళ్ళు పెద్ద. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. ఇప్పుడు జుమేరాలో ఒక అరబ్బు ఇంట్లో వంటపని చేస్తోంది. వారంలో ఆవిడకి దొరికేది శుక్రవారం పొద్దున ఒక్క గంట. ఆ గంటా ఆవిడ ఈ గదిలోనే గడుపుతుంది.

మూడు వారాల కిందట సభలో ఆవిడ నిలబడి ప్రార్థన చేసింది. "యేసయ్యా, నిన్న నేను పాలు మాడగొట్టాను. మామా నన్ను నానా మాటలూ అంది. నువ్వు పక్కనే ఉన్నావు గదా, ఒక్క మాట సాయం రాలేదేంటయ్యా?" అని నిలదీసింది. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. అరబ్బు ఇళ్ళలో పనిచేసేవాళ్ళంతా అలాగే పిలుస్తారు. అది తెలియని ప్రెసిడెంటుగారి భార్య, ఈవిడ మామగారు దుబాయ్ ఎప్పుడొచ్చాడని పక్కావిణ్ణి అడిగింది. పక్కావిడ నవ్వింది. ఆ నవ్వు వరసంతా పాకింది. దీవెనమ్మ కళ్ళు మూసుకుని ఉంది కాబట్టి తనని చూసే నవ్వుతున్నారని ఆవిడకి తెలియలేదు. సంతోషంతో నవ్వుతున్నారనుకుని తనూ నవ్వి, ఆమెన్ అని కూర్చుంది.

నవ్వినవాళ్ళకి ఏ శిక్షా పడలేదు. నవ్వించినావిడ కోసం మాత్రం కార్బన్ కాపీలతో సహా నిబంధనలు తయారయ్యాయి. పోయిన శుక్రవారం జకరయ్య వాటిని అందరికీ పంచాడు. మొదటి మూడూ చెప్పులు, పిల్లలు, పాటల పుస్తకాల గురించి. నాలుగోది ఇది:

"సభలో బిగ్గరగా ప్రార్థించువారు గ్రాంథిక మర్యాదను పాటింపవలెను. ప్రార్థనను ముందుగా వ్రాసి సెక్రటరీకి చూపింపవలెను. అట్లు చేయలేనివారు మౌనముగా ప్రార్థించుకొనవలెను."

"ఇవాళ ఆవిడకి ఆఖరి శుక్రవారం," అంది రూతు.

టై ముడి మీద చెయ్యి ఆగిపోయింది. "ఆఖరిదేమిటి?"

"రేపు ఆ ఇంటివాళ్ళు అల్ అయిన్‌కి మారిపోతున్నారు. వదిననీ తీసుకుపోతున్నారు. అక్కడ శుక్రవారం సెలవు లేదన్నారట. బుధవారం బకాలా సరుకుల కొట్టు దగ్గర కనిపించి చెప్పింది. వెళ్ళేలోపు సభలో నిలబడి ఒక్కసారి తమ్ముడి కోసం ప్రార్థన చేసుకుంటానంది."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"బుధవారం కమిటీ మీటింగు. నిన్న కమిటీ మీటింగు. మీతో మాట్లాడాలంటే నేను కూడా ముందుగా రాసి చూపించాలా?"

జకరయ్య కిటికీ దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. ఎంతైనా అక్క. ఎంతైనా కమిటీ.

"సరే. ఒక పని చేద్దాం. నాలుగు వాక్యాలు నేనే రాసిస్తాను. నిలబడి చూసి చదవమను. అక్క మాటా నిలుస్తుంది, నిబంధనా నిలుస్తుంది."

రూతు చాపల మీద ముందుకి వంగింది.

"ఎవర్ని చదవమంటున్నారు?"

జకరయ్య అప్పటికే జేబులోంచి పెన్ను తీశాడు.

"వదినకి చదువొచ్చా అండీ?"

నలభైమంది పేర్లూ, వాళ్ళ ఊళ్ళూ, వాళ్ళ వీసాలు అయిపోయే తేదీలూ కంఠతా వచ్చిన మనిషి అతను. అతనికి సొంత అక్క చదువుకోలేదన్న సంగతి గుర్తులేదు. తనని బడికి పంపడానికే ఆవిడ కూలికి వెళ్ళిందన్న సంగతి అసలే గుర్తులేదు.

"మరి ఆ కాగితం ఇచ్చినప్పుడు వదిన ఏమంది?"

"ఏమీ అనలేదు. తీసుకుని..." జకరయ్య ఆగాడు. "కళ్ళకద్దుకుంది."

"కళ్ళకద్దుకుందా? మీరేమని చెప్పి ఇచ్చారు?"

"ఏముంది, 'కొత్త నిబంధన అక్కా, దగ్గర పెట్టుకో' అన్నాను."

రూతు చాపల మీద నుంచి లేచి నిలబడింది.

నిబంధన అనే మాటకి ఆఫీసులో ఒక అర్థం, చర్చిలో ఒక అర్థం. జకరయ్య అన్నది ఆఫీసు మాట. దీవెనమ్మకి తెలిసింది చర్చి మాట ఒక్కటే. పాత నిబంధన, కొత్త నిబంధన: నల్లట్ట పుస్తకంలో ముందు సగం, వెనక సగం. తమ్ముడు తన కోసం వాక్యాన్ని సొంత చేత్తో రాసి ఇచ్చాడనుకుంది ఆవిడ.

"ప్రభువా," అంది రూతు. చాలా రోజుల తర్వాత ఆ గదిలో నిజంగా ఆయన్ని పిలిచినట్టు వినిపించిన మాట అది.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. వచ్చింది హన్మాండ్లు. అల్ ఖూజ్‌లో కంపెనీ పికప్ నడుపుతాడు. శుక్రవారం సత్వా బజారుకి వస్తూ దారిలో దీవెనమ్మని ఎక్కించుకొస్తాడు. గుమ్మం బయటే నిలబడిపోయాడు.

"సారూ, అవ్వ బండి దిగుతలేదు."

"ఎందుకని?"

"నేనేం జెయ్యలే సారూ. తొవ్వల కాయితం దీసి సదువుమన్నది. 'మా తమ్ముడు రాసిండు, దేవుని మాట, జెర సదివి ఇనిపియ్యి' అన్నది. బండి పక్కకు ఆపి సదివిన. చెప్పుల ముచ్చటొచ్చింది, పోరగాండ్ల ముచ్చటొచ్చింది. ఇదేం దేవుని మాటనో నాకు తెల్వలే. అవ్వ మాత్రం తల ఊపుకుంట ఇన్నది."

"నాలుగోది?"

"నాలుగోది సదివిన. మల్లొక్కసారి సదువుమన్నది. మల్ల సదివిన. ఇగ గప్పటిసంది ఒక్క మాట లేదు."

జకరయ్య టై ఊడదీసి మంచం మీద పడేశాడు. గుమ్మం దాటబోతుంటే ప్రెసిడెంటు దేవవరం గారు ఎదురయ్యారు. ఇంజనీరుగారు. చేతికి బంగారు గొలుసు గడియారం, చంకలో తోలు సంచిలో బైబిలు.

"ఏమిటిది? ఇంకా చాపలే పరవలేదా?"

"కావాలంటే ఇస్తానండి," అంది రూతు. "గ్రాంథిక మర్యాద ప్రకారం ముందుగా రాసి చూపించండి."

"రూతూ!" అన్నాడు జకరయ్య.

దేవవరం గారి మొహం ఎర్రబడింది. "చూడమ్మా, దేవుడు క్రమాన్ని ప్రేమించేవాడు. రేపు ఎంబసీవాళ్ళు వస్తారు, డాక్టర్లు వస్తారు. పాలు మాడిపోయాయి, మామ తిట్టాడు అంటే దేవుని పరువేం కాను?"

"మామ కాదండీ, మామా. తిట్టాడు కాదు, తిట్టింది. మీ ఇంట్లో వంటమనిషి మీ ఆవిణ్ణి ఏమని పిలుస్తుందో ఎప్పుడైనా విన్నారా?"

వంటింటి గుమ్మంలోంచి ఫాతిమున్నీసా తొంగి చూసింది. పక్క వాటాలో ఉండే నెల్లూరావిడ. వంటిల్లు రెండు కుటుంబాలకీ ఒకటే. సభకి వచ్చేవాళ్ళ చెప్పులన్నీ వారం వారం ఆవిడ గుమ్మం ముందే ఉంటాయి. ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఇవాళ మాత్రం ఆగలేకపోయింది.

"ఏమనుకోబాకండి సార్. మేం నమాజులో అరబ్బీనే చదువుతాం. అది చదివేదే. సొంతంగా దువాకి చేతులెత్తినప్పుడు మాత్రం నా అల్లాతో నేను నెల్లూరు మాటే మాట్టాడతా. ఇన్నేళ్ళలో నాకు అర్థం కాలేదని ఆయన ఎప్పుడూ అన్లా. మీ దేవుడికి దీవెనమ్మ గోదావరి మాట తెలవదా ఏంది?"

దేవవరం గారు తోలు సంచి ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకునేలోపే జకరయ్య మెట్లు దిగిపోయాడు.

ఎండ అప్పుడే చుర్రుమంటోంది. పికప్ ముందు సీట్లో దీవెనమ్మ కూర్చుని ఉంది. నల్ల గుడ్డ తలకి బిగించి కట్టుకుంది. ఒళ్ళో బైబిలు సంచి, సంచి మీద ఆ కాగితం. చిరగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది.

"అక్కా, పైకి రా."

ఆవిడ కాగితం చాపింది. "సదువు."

"అక్కా..."

"ఆ అబ్బాయి కూడబలుక్కుని సదివాడు. ఎక్కడన్నా తప్పు సదివాడేమో. నీ సేత్తో రాసిందే గదా. నువ్వు సదువు. నాలుగోది సదువు."

జకరయ్య కవర్లోంచి కాగితం తీశాడు. వారంలోనే మడతలు అరిగిపోయాయి. ఒక మూల కొబ్బరినూనె మరక. దాన్ని చదవకుండానే మళ్ళీ మడిచాడు.

"కొట్టేస్తానక్కా. పైకి వెళ్ళగానే నాలుగోది కొట్టేస్తాను."

"కొట్టేస్తే పోద్దా?" ఆవిడ గొంతు పెరిగింది. "నా నోరు మూసినందుకు కాదురా నాకు మంట. మీ సదువుకున్నోళ్ళ మజ్జన నా మాట బాగోదంటే ఊరుకుంటాను. వంటింట్లో మాట్టాడుకుంటాను ఆయనతో. ఆయన వంటింట్లోకి రాడా ఏంటి? కానీ ఈ కాగితం వారం రోజులు దిండు కింద ఎట్టుకున్నాను. రోజూ పొద్దున్నే తీసి కళ్ళకద్దుకుని, 'నాయనా, మా తమ్ముడు మళ్ళీ నీ దగ్గరకొచ్చేశాడు, నీ మాట సొంతంగా రాసిచ్చాడు, నీకు స్తోత్రం' అని సెప్పుకున్నాను. వారం రోజులు! లేనిదానికి! నన్ను ఆయన దగ్గర అబద్ధాలకోరుని సేశావు గదరా జకరయ్యా!"

జకరయ్య వెనకే దిగివచ్చిన హన్మాండ్లు అటు తిరిగి టైరు వంక చూడసాగాడు.

"ఇప్పుడు ఆయనకి నేనేం సెప్పాలి? నువ్వే సెప్పు. ఇప్పుడే, ఇక్కడే సెప్పు."

జకరయ్య కళ్ళు మూసుకున్నాడు. అలవాటుగా చెయ్యి జేబు మీదకి వెళ్ళింది.

"పరమోన్నతుడవగు దేవా, తమరి దివ్య సన్నిధికి..."

"ఎవరితో మాట్టాడతన్నావు? మీ ముదీర్ గానీ వచ్చాడా?"

అతను కళ్ళు తెరిచాడు.

"ఆరేళ్ళప్పుడు ఏమనేవోడివో గుర్తుందా నీకు?" ఆవిడ గొంతు కొంచెం తగ్గింది. కోపం మాత్రం తగ్గలేదు. "అమ్మ పోయిన ఏడు. ఒక్క పూటే పొయ్యి ఎలిగేది మనకి. కంచం ముందు కూకుని కళ్ళు మూసుకుని, 'యేసయ్యా, నువ్వు తిన్నావా?' అని అడిగేవోడివి. తినలేదేమోనని ఒక ముద్ద పక్కనెట్టేవోడివి. ఆ ముద్ద నేను తినేసి, ఆయనే తిన్నాడని నీకు సెప్పేదాన్ని. ఆ ఒక్క అబద్ధం నాదే, ఒప్పుకుంటాను. తిన్నావా అని అడిగినోడివి, ఇయ్యాల ఆయన్ని తమరు అంటన్నావు. ఎప్పుడు పరాయోడయ్యాడురా ఆయన నీకు?"

జకరయ్య ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. ఫలానా రోజు అని చెప్పడానికి ఏదీ దొరకలేదు. దేవుడితో అతనికి గొడవేమీ జరగలేదు. ఆయన్ని వదిలేద్దామని ఎప్పుడూ అనుకోలేదు. ఆయన పని మీదే తిరుగుతున్నాననుకుంటూ ఆయనతో మాట్లాడటం మానేశాడు, అంతే. ఇంట్లో ఆయనతో మాట్లాడిందెప్పుడో గుర్తులేదు. అన్నం ముందు కూర్చుని ఏం చెప్పుకుంటున్నాడో కూడా గుర్తులేదు. పట్టపగలు, వీధిలో, అక్క ముందు అతనికి చచ్చేంత సిగ్గేసింది.

"సెక్రటరీగారూ!" బాల్కనీలోంచి దేవవరం గారు కేకేశారు. "అందరూ నిలబడే ఉన్నారు! ప్రారంభ ప్రార్థన తమరిదే!"

"ఇదిగో, తమరు అంటే అదీ," అంది దీవెనమ్మ. తలుపు తోసుకుని బండి దిగింది. "వస్తాను, పద. కూకుంటాను. నోరు మాత్రం ఇప్పను. నువ్వు పెట్టిన నిబంధన నేను తప్పను. ప్రార్థన నువ్వు సెయ్యి. తమరు అన్నావంటే లేసి ఎల్లిపోతాను. ఆ తరవాత అల్ అయిన్‌లో నేను, కమిటీలో నువ్వు. మళ్ళీ ఎప్పుడు కలుస్తామో ఆయనకే తెలియాలి."

"అవ్వా, పదింటికి హారన్ కొడుత," అన్నాడు హన్మాండ్లు. "జుమ్మా నమాజు అయ్యేటాలకు బువ్వ గావాలె గదా. లేకుంటే నీ మామా లొల్లి జేస్తది."

పైన నలభైమందీ గోడలకి ఆనుకుని నిలబడి ఉన్నారు. రూతు మళ్ళీ చాపల మీద కూర్చుని ఉంది. వదిన మొహం చూసింది, భర్త మొహం చూసింది. లేచి మొదటి చాప తీసి ముందు వరసలో పరిచింది.

"కూర్చో వదినా."

సాధారణంగా అక్కడ ప్రెసిడెంటుగారి భార్య కూర్చుంటుంది. ఆవిడ రెండో వరసలోకి జరిగింది.

చాపలన్నీ పరిచి, కిటికీలు మూసి, ఏసీ వేసి, తలుపు కింద దుప్పటి కుక్కి అందరూ కూర్చునేసరికి పదికి రెండు నిమిషాలుంది. జకరయ్య ముందుకొచ్చి నిలబడ్డాడు. జేబులోంచి కాగితం తీశాడు. దేవవరం గారు ఊపిరి పీల్చుకుని తల వంచారు. జకరయ్య ఆ కాగితాన్ని మడత విప్పకుండానే, అక్క ఇచ్చిన కాగితంతో కలిపి, వంగి చాప కిందికి తోసేశాడు.

కళ్ళు మూసుకున్నాడు.

"నువ్వు..." అన్నాడు.

గదిలో కొందరు ఉలిక్కిపడ్డారు. తర్వాతి మాట కోసం అందరూ ఎదురుచూశారు.

మాట రాలేదు. ఊరందరికీ ప్రార్థనలు దిద్దిన మనిషి. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు అక్కడ నిలబడి ఉన్నాడు. తర్వాతి మాట ఏమిటో అతనికి తెలుసు. ఆరేళ్ళప్పుడు కంచం ముందు కూర్చుని అడిగిన మాటే అది. కానీ ఆ ఒక్క మాట అడగాలంటే ఆయన నిజంగా ఎదురుగా ఉండాలి. ఉంటే జవాబు చెబుతాడు. చెబితే వినాలి. ఇన్నేళ్ళ తర్వాత ఏం వినాల్సి వస్తుందోనని జకరయ్యకి భయమేసింది.

ఎవరో దగ్గారు.

"ఆమెన్ అనేయండి," అని దేవవరం గారు గుసగుసలాడారు.

"మీరూరుకోండి," అంది రూతు, గుసగుసగా కాదు.

దీవెనమ్మ కళ్ళు మూసుకునే ఉంది. పెదవులు బిగపట్టుకుంది. వారం రోజులు కళ్ళకద్దుకున్న కాగితం ఆవిడ కూర్చున్న చాప కిందే ఉంది.

"నువ్వు..." అన్నాడు జకరయ్య మళ్ళీ.

కింద హన్మాండ్లు హారన్ కొట్టాడు.

దీవెనమ్మ లేవలేదు.